ఇతివృత్తమున సత్యము – కల్పనము : ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ చలనచిత్ర పరిశీలనము

నాటకీయేతివృత్తమును మన లాక్షణికులు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించిరి. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి స్వయముగా కల్పించినది ఉత్పాద్యము. ఈ రెండింటి కలయిక మిశ్రము. దశరూపకకర్త చెప్పిన ఈ విభాగము మన విద్యార్థులందరికిని పరిచితమే. అయితే ఈ విభాగమును చేసినవారి దృష్టిలో నున్న ప్రఖ్యాతవస్తువు చిరకాలము క్రిందట గడచినది. దుష్యంతుడుగాని, రాముడుగాని, ఉదయనుడుగాని తన్ను గూర్చిన నాటకమును చూచి ఆక్షేపించుటకు లేడు. వారి తల్లులు ప్రేక్షకులలో కూర్చుండి యుండలేదు. వారి చర్యలను గూర్చి న్యాయస్థానమున వాదములు జరుగలేదు. కావున ఆ కవులకు రసౌచిత్యమొక్కటే హద్దుగా నుండెను.

నాయకుడు నాలుగేండ్ల క్రిందట మరణించినవాడైనచో, అతని తల్లియు కుమార్తెయు జీవించియున్నచో, అతని మరణమునకు కారకుడైనవాడు శిక్ష ననుభవించి విడుదల యైనవాడైనచో, కవికి గల కల్పనాధికార మెంత? ఈ ప్రశ్నకు ప్రాచీనగ్రంథములలో నేరుగా సమాధానము దొరకదు. కాని సమాధానమును వెదకుటకు కావలసిన సామగ్రి వానిలోనే కలదని మా యభిప్రాయము. ఆ సామగ్రితో 2013 లో వెలువడిన ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ అను అమెరికా చలనచిత్రమును పరిశీలించుట ఈ వ్యాసమున మా ప్రయత్నము. నిజముగా పోలీసు తుపాకిగుండుకు బలియైన ఒక యువకుని కడపటి దినమే ఈ చిత్రమునకు వస్తువు.

ముందుగా ప్రఖ్యాతాంశమును తెలిసికొనుట యవసరము. ఆస్కర్ గ్రాంట్ 1986 లో జన్మించిన నల్లజాతి యువకుడు. కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టునుగల ప్రాంతమునకు చెందినవాడు. 2009 జనవరి 1 వ తేదీ తెల్లవారకమునుపు, నూతనసంవత్సరోత్సవము చూచి మిత్రులతో రైలులో మరలివచ్చుచుండెను. బండిలో తగవు జరిగినదని వార్త యందగా, బార్ట్ అని వ్యవహరింపబడు ఆ ప్రాంతీయ రైలుసంస్థ పోలీసులు ఓక్లండ్ నగరములోని ఫ్రూట్‌వేల్ స్టేషనులో అతనిని, అతని మిత్రులను దించి ప్లాట్‌ఫారముపై నిలిపిరి. కొంత పెనుగులాట జరిగిన పిమ్మట, బోరగిలబడియున్న గ్రాంటును జొహానెస్ మెజర్లీ అను పోలీసు వెన్నున కాల్చెను. గ్రాంట్ ఆ యుదయముననే ఆసుపత్రిలో మరణించెను. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరములు. అతనికి చిన్న కుమార్తె యుండెను. ఆగియున్న బండిలోని ప్రయాణికులు కొందరు ఈ యుదంతమును తమ సెల్‌ఫోనులలో చిత్రించిరి. ఆ దృశ్యములు కొలది దినములలోనే లోకమంతటను వ్యాపించెను. ఓక్లండ్ వీథులలో నిరసనలు చెలరేగెను.

విద్యుదాఘాతముతో మనిషిని నిశ్చేష్టుని జేయు టేజర్ అను ఆయుధమును తీయబోయి పొరపాటున తుపాకి తీసితినని మెజర్లీ వాదించెను. విచారణ లాస్‌ఏంజలిస్ నగరమునకు మార్చబడెను. 2010 జూలైలో న్యాయనిర్ణేతలు అతనిని హత్యానేరమునుండి విముక్తుని జేసి, ఉద్దేశరహితమైన నరవధకు మాత్రమే దోషిగా నిర్ణయించిరి. నవంబరులో రెండేండ్ల శిక్ష విధింపబడెను. 2011 జూన్‌లోనే అతడు విడుదలయ్యెను. ఇది యంతయు చరిత్ర. ఇందులో ఏ యంశమును కవి కల్పింప నక్కరలేదు, మార్చుటకును వీలులేదు.

ఈ వస్తువును స్వీకరించిన దర్శకుడు రయన్ కూగ్లర్. ఇతడును ఆ ప్రాంతమువాడే; గ్రాంట్ పుట్టిన సంవత్సరముననే పుట్టినవాడు. ఇది యితని తొలి పూర్తినిడివి చిత్రము. 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీయబడిన ఈ చిత్రము నిడివి ఇంచుమించు 85 నిమిషములు. గ్రాంట్ పాత్రను మైకేల్ బి. జోర్డన్, తల్లి వాండా పాత్రను ఆక్టేవియా స్పెన్సర్ ధరించిరి. ప్లాట్‌ఫారముపై జరుగు ఘట్టములు రాత్రివేళ రైళ్లు నిలిచిన గడువులలో అసలు ఫ్రూట్‌వేల్ స్టేషనులోనే చిత్రింపబడెను. 2013 జనవరిలో సండాన్స్ చలనచిత్రోత్సవమున న్యాయనిర్ణేతల యగ్రబహుమానమును, ప్రేక్షకుల బహుమానమును గూడ ఈ చిత్రము పొందెను. కథ 2008 డిసెంబరు 31 వ తేదీ వేకువనుండి మరునాటి యుదయమువరకు నడచును. ఒక్క జ్ఞాపకఘట్టము మాత్రము 2007 నాటి చెరసాలకు మనలను గొనిపోవును. శాస్త్రదృష్టితో నిది మిశ్రేతివృత్తము. మొదలును చివరయు చరిత్ర; నడుమనున్న దినములో విన్న సంగతులు, ఊహించిన సంగతులు కలసియున్నవి.

చిత్రారంభమే విశేషముగా చర్చింపదగినది. తెరపై తొలుత కనబడునది నటుల దృశ్యము కాదు. ప్రయాణికుడొకడు సెల్‌ఫోనులో తీసిన అసలు దృశ్యమే. వణకుచున్న ఆ బొమ్మలో మసక మనుష్యులు, కేకలు, తుపాకి చప్పుడు. తరువాత కథ వెనుకకు మరలి ముందటి దినమును చెప్ప నారంభించును. వధను ప్రత్యక్షముగా రంగమున చూపరాదని మన శాస్త్రము. అంకమున చూపరానివానిని పేర్కొనుచు దూరప్రయాణము, వధ, యుద్ధము మున్నగువానిని దశరూపకము నిషేధించినది. భాసకృతముగా ప్రసిద్ధమైన ఊరుభంగము ఈ నియమమునకు ప్రసిద్ధమైన యపవాదము. అందు దుర్యోధనుడు ప్రేక్షకుల యెదుటనే ప్రాణములు విడుచును. కూగ్లర్ చేసినది ఇంకొక యడుగు ముందుకు. అతడు మరణమును చివరనే గాక మొదటను చూపెను. అదియు నటన గాక యథార్థమునే చూపెను.

దీని ప్రయోజన మేమి? ఏమి జరుగునో యను కుతూహలమును దర్శకుడు తానే తుంచివేసినాడు. ఫలితమును ముందే తెలిసిన ప్రేక్షకునికి ఆ దినములోని ప్రతి చిన్నపనియు కడపటిపనియై తోచును. తల్లి పుట్టినదినమునకు పీతలు కొనుట, కూతురును శిశుశాలనుండి తెచ్చుచు ఆమెతో పందెము వేసి పరుగెత్తుట, సహచరితో అలుకలు, స్నేహితునికి పంపు సందేశములు. ఇవి వేరుగా చూచిన ఏ రసమునకును చాలవు. మరణజ్ఞానమను నేపథ్యమున నివి యన్నియు కరుణమునకు ఉద్దీపనవిభావములగుచున్నవి. కూతురు రాత్రి బయట చప్పుళ్లు విని భయపడును. అవి బాణసంచా చప్పుళ్లేయని తండ్రి యూరడించును. ఈ చిన్న సంభాషణములో కవి చమత్కార మేమియు చూపలేదు. కాని బిడ్డకంటె తండ్రికంటె ఎక్కువ తెలిసిన ప్రేక్షకునికి ఆ యూరడింపు భరింపరానిదగును. ఆరంభమున సెల్‌ఫోను దృశ్యము లేనిచో ఈ ఘట్టము ఒక సామాన్య కుటుంబదృశ్యముగా మిగిలియుండెడిది.

ఇక నాయకస్వరూపము. ఇచ్చటనే మా ప్రధానవివాదము. ఈ చిత్రములోని ఆస్కర్ ధీరోదాత్తుడు కాడు. తొలి సన్నివేశముననే సహచరి అతని పరస్త్రీసంబంధమును గూర్చి నిలదీయుచున్నది. ఆలస్యములవలన అంగడిలో నున్న కొలువు పోగొట్టుకొని, ఆ సంగతి ఇంటిలో దాచుచున్నాడు. కొలువు మరల నిమ్మని యజమానిని వేడుకొని, అతడు కాదనగా చేయిపట్టుకొని బెదరించుచున్నాడు. గంజాయి యమ్మినవాడు, చెరసాలకు పోయివచ్చినవాడు. అదే అంగడిలో చేపలు వండుట ఎరుగని ఒక శ్వేతజాతి యువతికి తన అవ్వచేత ఫోనులో చెప్పించువాడును ఇతడే. మంచిచెడ్డలు ఒక్క గడియలోనే పొరలు పొరలుగా కనబడు ఈ పాత్రచిత్రణము చిత్రములోని యుత్తమభాగము. జోర్డన్ నటనలో అంతలో బ్రతిమాలుట, అంతలో కనులెఱ్ఱజేయుట, అంతలో పసివానివలె నవ్వుట; ఈ మార్పులు తెలియకయే జరుగును.

అయితే ఈ వర్ణనతో దర్శకుడు తృప్తిపడలేదు. పెట్రోలు అంగడియొద్ద ఆస్కర్ ఒక వీథికుక్కను లాలించును. కొంతసేపటికి ఎవరిదో కారు దానిని గ్రుద్ది పారిపోవును. అతడు పరుగెత్తిపోయి రక్తసిక్తమైన ఆ కుక్కను చేతులలోనికి తీసికొని, అది చనిపోవువరకు దానిచెంత నుండును. ఆ పిదప సముద్రతీరమున గంజాయిపొట్లము నంతటిని నీటిలో కుమ్మరించును. కుక్కఘట్టము గ్రాంట్ ఆ దినమున నిజముగా చేసినపని కాదు, కల్పితము. చిత్రము వెలువడినప్పుడు విమర్శకులు పెక్కురు ప్రధానముగా దీనినే తప్పుపట్టిరి. నాయకుని మంచివానిగా చూపుటకు సత్యమును వంచించినారని వారి యాక్షేపణము.

ఈ యాక్షేపణమును ఉన్నదున్నట్లు అంగీకరింపజాలము. ఇతివృత్తమును యథాతథముగా నిర్వహించుటచే కవికి ప్రయోజనము లేదనియు, ఆ పని ఇతిహాసముచేతనే సిద్ధించుననియు, రసమునకు ప్రతికూలమైన దానిని త్యజించి అనుకూలమైన కథను కల్పించుకొనవచ్చు ననియు ఆనందవర్ధనుడు స్పష్టపరచినాడు. నాయకునికిగాని రసమునకుగాని అనుచితమైనదానిని విడువవలెను, లేదా మార్చవలెనని ధనంజయుడు. దీనికి ధనికుని వ్యాఖ్యానమున చూపబడిన యుదాహరణము ఉదాత్తరాఘవ నాటకము. వాలిని చాటునుండి చంపిన సంగతిని ఆ నాటకకర్త విడిచివేసినాడు. అందరెరిగిన యుదాహరణము శాకుంతలము. భారతకథలో దుష్యంతుడు ఎరిగియే ఎరుగనని పలుకును. నన్నయయు అట్లే చెప్పెను. కాళిదాసు దుర్వాసశాపమును కల్పించి ఆ కళంకమును కడిగివేసెను. కల్పనమే దోషమన్నచో మన సాహిత్యములోని శిరోరత్నమునే త్రోసివేయవలసివచ్చును. కావున కుక్కఘట్టము కల్పితమని చూపినంతమాత్రమున విమర్శ ముగియలేదు. ఆ కల్పనము ఏమి పని చేయుచున్నదో చూడవలెను.

అది రెండు పనులు చేయుచున్నది. మొదటిది సూచనము. ఒక ప్రాణిని ఎవరో గ్రుద్ది వెళ్లిపోవుట, అది రోడ్డుపై ఒంటరిగా కొట్టుకొనుట, ఒక్కడు మాత్రము దగ్గర నుండుట. ఇది రాత్రి ప్లాట్‌ఫారముపై జరుగబోవుదానికి ఛాయ. భావివృత్తాంతమును సమానసంవిధానముచే ముందుగా సూచించుటను మనవారు పతాకాస్థానక మనిరి. ఆ కుక్క పిట్‌బుల్ జాతిది. లోకము ఆ జాతి కుక్కలను క్రూరమృగములుగా భావించును. తన జాతి యువకులపైనను లోకము అట్టి ముద్రయే వేసినదని దర్శకుని భావము. ఈ వ్యంగ్యార్థము బలమైనది; దీనికై చేసిన కల్పనమును మేము సమర్థింతుము.

రెండవపని నాయకునికి యోగ్యతాపత్ర మిచ్చుట. ఇదియే మాకు సమ్మతము కానిది. మూగప్రాణిపై దయ, గంజాయి నీళ్లపాలు చేయుట, కొత్తజీవితమునకు సంకల్పము. ఇవన్నియు ఒక్క దినముననే పోగుపడగా, ప్రేక్షకుని మనస్సులో ఒక వాక్యము తనంత తానుగా తయారగును: ఇంత మంచివాడు, ఇంతలో మారినవాడు, ఇట్లు చచ్చుట అన్యాయము. ఈ వాక్యములోని పూర్వభాగము ప్రమాదకరము. మంచివాడు కానిచో? మారక పోయినచో? గంజాయిపొట్లము అతని జేబులోనే యున్నచో, బోరగిలబడియున్నవానిని వెన్నున కాల్చుట న్యాయమగునా? ఇట్టి మరణములు సంభవించినపుడెల్ల చనిపోయినవాని పూర్వచరిత్రను త్రవ్వి తీయుట లోకమున పరిపాటి. వాడు ఎట్టివాడు అను ప్రశ్నను ముందుకు తెచ్చి, ఏమి జరిగినది అను ప్రశ్నను వెనుకకు నెట్టుదురు. ఆ ప్రశ్నకు, వాడు మంచివాడే యని సమాధానము చెప్పువాడు ఆ ప్రశ్న న్యాయమైనదని ముందే యొప్పుకొన్నవాడగును. నాయకునిపై ప్రేమతో చేసిన కల్పనమే నాయకుని పక్షమును బలహీనపరచుట ఈ చిత్రములోని విపర్యాసము.

శాకుంతలమునకును దీనికిని భేద మిచ్చట స్పష్టమగును. దుష్యంతుడు అపరాధము చేసిన నాయకుడు. అతని యపరాధము శృంగారమునకు భంగకరము గనుక కాళిదాసు దానిని తొలగించెను. ఆస్కర్ అపరాధమునకు గురియైన నాయకుడు. అతనికి గల దోషములు అతని మరణమునకు కారణములు కావు. కావున కరుణమునకు అడ్డురావు. అడ్డురానిదానిని తొలగించుటకు కల్పన మెందుకు? ధనంజయుని సూత్రమును నిష్కర్షగా అన్వయించినను, అనుచితమును మాత్రమే మార్చుటకు అనుమతి గలదు. ఔచిత్యమున్నచోట అలంకారము చేర్చుటకు గాదు.

దోషియైన నాయకునిపై కరుణము పుట్టునా యని విద్యార్థులు అడుగవచ్చును. ఊరుభంగమే సమాధానము. దుర్యోధనుని దోషములు లోకమెరిగినవి. ఆ నాటకకర్త ఆ దోషములకు ఉపశమనముగా కరుణాకార్యము లేవియు కల్పింపలేదు. అతడు మృగమును లాలించినట్లు చూపలేదు. ఒక బాలుని తెచ్చినాడు. దుర్జయుడను కొడుకు వచ్చి, అలవాటుచొప్పున తండ్రి తొడపై కూర్చుండబోవును. తొడలు విరిగియున్నవి. అంతే. దుర్యోధనుడు మంచివాడా చెడ్డవాడా యను విచారము ఆ క్షణమున ప్రేక్షకునికి తోచదు. కరుణము గుణమునుండి పుట్టలేదు, సంబంధమునుండి పుట్టినది. ఇష్టజనవియోగమును కరుణమునకు విభావముగా చెప్పిన భరతుడు ఆ యిష్టజనుడు గుణవంతుడై యుండవలెనని నియమింపలేదు.

‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ గుణమును వదలి సంబంధమును పట్టినచోట్లనెల్ల ఉన్నతస్థాయి నందుకొన్నది. గుండు తగిలిన పిదప ఆస్కర్ నోట వచ్చుమాట తన నిర్దోషిత్వమును గూర్చినది కాదు. తనకు కూతురు గలదని. అది వాదము కాదు, ఫిర్యాదును కాదు. చిత్రకథ ముగియుచోట తల్లియు కూతురును స్నానపుగదిలో నుందురు. తండ్రి ఎక్కడ అని కూతురు అడుగును. తల్లి యుత్తరము వినబడదు, తెర చీకటియగును. పలుకని యా యుత్తరమున గల శక్తి కుక్కఘట్టములోని రక్తమునకు లేదు.

తల్లి పాత్రలో ఈ సూత్రము ఇంకను గంభీరముగా నిర్వహింపబడినది. 2007 నాటి చెరసాలఘట్టమున వాండా కొడుకును చూడవచ్చును. మాటలలోనే తోటిఖైదీతో అతనికి తగవగును. ఆమె విసిగి, ఇకముందు రానని చెప్పి లేచును. ఒక్కసారి కౌగిలించుకొమ్మని కొడుకు వేడును. ఆమె ఆగక వెళ్లిపోవును. అతడు వెనుకనుండి కేకలు వేయుచుండగా కావలివారు పట్టుకొందురు. ఇది యొక కౌగిలి నిరాకరణము. చివర ఆసుపత్రిలో చనిపోయిన కొడుకును తల్లి చూడవచ్చును. అది నరహత్యగా పరిగణింపబడు మరణము గనుక దేహమును తాకరాదని చెప్పుదురు. అద్దమునకు ఈవల నిలిచి ఆమె చూచును. ఇది రెండవ నిరాకరణము. నాడు ఈయగలిగి ఈయలేదు. నేడు ఈయగోరియు వీలులేదు. రెండు ఘట్టములను కలుపు మాట యేదియు దర్శకుడు చెప్పించలేదు, ప్రేక్షకుడే కలుపుకొనవలెను. ధ్వనికి ఇంతకంటె చక్కని యుదాహరణము ఈ చిత్రమున లేదు. స్పెన్సర్ నటనయు ఇచ్చట ఏడ్పునకంటె నిగ్రహమునే యాశ్రయించినది.

తిక్కన స్త్రీపర్వమునందలి గాంధారిని ఇచ్చట స్మరించుట యప్రస్తుతము గాదు. ఆ తల్లి కొడుకు తప్పు నెరుగును; ధర్మమున్నచోటనే జయమని యుద్ధమునకు ముందే అతనితో చెప్పిన తల్లి. అయినను రణభూమిలో పడియున్న అతనినిచూచి విలపించుటకు ఆ జ్ఞానము అడ్డురాలేదు. తప్పు నెరిగిన ప్రేమయే ఎక్కువ దుఃఖకరమని తిక్కన పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు. వాండా ఆ కోవకు చెందిన తల్లి. కొడుకును సన్మార్గమున పెట్టుటకై కఠినురాలైనది. ఆ కాఠిన్యమే తుదకు ఆమెకు శల్యమయ్యెను. ఇట్టి తల్లి చిత్రమున నుండగా కొడుకు సద్గుణములకు వేరు సాక్షి యేల?

వస్తుసంవిధానమున మరియొక విషయము చర్చనీయము. నగరమునకు కారులో పోవలదనియు, త్రాగి నడపుట ప్రమాదమనియు, రైలులో పొమ్మనియు సలహా ఇచ్చినది తల్లియే. ఇది కల్పన కాదు, చరిత్రమే. క్షేమము కోరి చెప్పిన మాట చావునకు దారితీసినది. దీనికి తోడు రైలులో మరియొక యాదృచ్ఛికమును కూర్చినారు. ఉదయము అంగడిలో సాయము పొందిన యువతి బండిలో ఆస్కరును గుర్తించి పేరుపెట్టి పిలుచును, ఆ పేరు చెరసాలనాటి శత్రువు చెవినబడును, కలహము మొదలగును. మంచిపనియే ముప్పునకు బీజమైనట్లు కూర్పు. నాటకకళలో నిది నేర్పే. కాని ఇట్టి సంఘటనలు ఒకదానిపై నొకటి పేర్చినకొలది ప్రేక్షకుడు, దైవమిట్లు నడిపినది అని నిట్టూర్చును. ఈ మరణము దైవకృతము కాదు, మనుష్యకృతము. రైలెక్కుటవలన అతడు చావలేదు. పేరు పిలువబడుటవలన చావలేదు. విధిని కారణముగా చూపు కథ మనిషి బాధ్యతను తేలికపరచును. చరిత్రయే యిచ్చిన తల్లి సలహాను ఉంచి, రెండవ యాదృచ్ఛికమును విడిచియున్నచో కూర్పు మరింత నిజాయితీగలదిగా నుండెడిదని మేము తలంతుము.

దర్శకుడు ఈ యపాయమును గుర్తించెననుటకు ప్లాట్‌ఫారముఘట్టమే నిదర్శనము. అచ్చట విధి మాయమై మనుష్యులే మిగులుదురు. ఎవరు ముందు చేయిచేసికొనిరి, ఎవరు దుర్భాష లాడిరి, ఎవరు శాంతింపజేయ జూచిరి అను క్రమము వివరముగా చూపబడినది. పోలీసుల పేర్లు మార్చబడినవి. వారి యిండ్లు, మనస్సులు మనకు చూపబడవు. ఇది యొక లోపమని కొందరందురు. మా యభిప్రాయము వేరు. కాల్చినవాని యుద్దేశ మేమి యను ప్రశ్నపైననే న్యాయస్థానమున వాదమంతయు నడచినది. ఆ యుద్దేశమును కవి కల్పించియుండినచో, కుక్కఘట్టమున చేసిన తప్పును ఎదుటిపక్షమున చేసినట్లయ్యెడిది. కాల్చినవాని ముఖమున ఒక్క దిగ్భ్రాంతిని మాత్రము చూపి దర్శకుడు ఆగినాడు. అతని వాదమును, తీర్పును చివర అక్షరములలో తెలిపినాడు. కరుణమును రౌద్రముగా మార్చుకొనుటకు తగిన యవకాశముండియు మార్చకుండుట సంయమనము.

తరువాతి చరిత్ర ఈ ఘట్టమునకు సాక్ష్య మిచ్చినది. బార్ట్ సంస్థ 2009 లోనే చేయించిన లోపలివిచారణ నివేదిక పదేండ్లు గోప్యముగా నుండి 2019 లో బహిర్గతమయ్యెను. ప్లాట్‌ఫారముపై బలప్రయోగము చేసిన మరియొక యధికారి చర్యలే కాల్పులకు దారితీసిన సంఘటనల పరంపరను ఆరంభించినవని ఆ నివేదిక తేల్చెను. 2020 అక్టోబరులో జిల్లా న్యాయవాది ఈ వ్యవహారమును తిరిగి పరిశీలించుటకు పూనుకొనినను, 2021 జనవరిలో ఆ యధికారిపై నేరారోపణ చేయజాలమని ప్రకటించెను. చిత్రములో రెండవ యధికారి దౌర్జన్యమునకు ఇచ్చిన ప్రాధాన్యము అతిశయోక్తి కాదని ఆ నివేదికవలన తెలియుచున్నది. సత్యమును శ్రద్ధతో అనుసరించినచోట కవికి ఉత్తరకాలమే సాక్షి యగును. యోగ్యతాపత్రమునకై కల్పించినచోట అట్టి సాక్షి దొరకడు.

చిత్రము అమెరికాలో విడుదలయైన 2013 జూలై 12 వ తేదీకి మరునాడే, ట్రేవన్ మార్టిన్ అను నల్లజాతి బాలుని కాల్చిచంపిన వ్యాజ్యములో నిందితుడు నిర్దోషిగా ప్రకటింపబడెను. ఆ నిందితుడు పోలీసు కాడు. అయినను ఆ మరణము తరువాతను చనిపోయిన బాలుడు ఎట్టివాడను చర్చయే పత్రికలలో విరివిగా సాగినది. నాటి ప్రేక్షకులు ఈ చిత్రమును ఆ గొడవ నడుమ చూచిరి. అట్టి వేళ నాయకుని కొంత వెలిగించి చూపవలెనను కోరిక దర్శకునికి కలుగుట సహజమే. ఆ కోరికను అర్థముచేసికొందుము. దాని ఫలితమును మాత్రము ఒప్పుకొనజాలము.

కథ ముగిసిన పిదప మరల అసలు దృశ్యమే వచ్చును. 2013 జనవరి 1 వ తేదీన ఫ్రూట్‌వేల్ స్టేషనువద్ద గ్రాంట్ స్మృతికై కూడిన జనము. వారి నడుమ అతని కుమార్తె, నాలుగేండ్లు పెరిగినది. ఆదియందు మరణము యథార్థదృశ్యము, అంతమందు బిడ్డ యథార్థదృశ్యము, నడుమ నాటకము. ఆద్యంతములలోని సత్యముతో సరితూగగల కల్పనము మాత్రమే నడుమ నిలువగలదు. కౌగిలి నిరాకరణములు నిలిచినవి, బాణసంచా నిలిచినది, కొలువుకై బ్రతిమాలి బెదరించుట నిలిచినది. పతాకాస్థానకముగా కుక్కయు నిలిచినది, సద్గుణప్రమాణముగా నిలువలేదు.

ఇటీవలి యథార్థవృత్తములపై వెలువడు నాటకములను, నవలలను, చలనచిత్రములను పరిశీలింపబూను విద్యార్థులకు ఇందుండి ఒక ప్రమాణము లభించునని మా విశ్వాసము. ఇది కల్పితమా యని అడుగుటతో నాగరాదు. మృతుని మనము చూడగలుగుటకు ఈ కల్పనము తోడ్పడుచున్నదా, లేక మృతుడు మన జాలికి అర్హుడని నిరూపింపజూచుచున్నదా యని అడుగవలెను. మొదటిది కవికి ఎల్లకాలమును గల యధికారము. రెండవది వకీలు పని. అదియు ఎదుటిపక్షపు వకీలు వేసిన ప్రశ్నకు లోబడి చేయుపని. 22 ఏండ్ల యువకుడొకడు బోరగిలబడియుండగా వెన్నున కాల్చబడెను. అది అన్యాయమనుటకు అతడు ఆ దినమున ఏ కుక్కను ఎత్తుకొనియుండ నక్కరలేదు.